నాలుగో తీగ

నమోదు 1

ఈ డ్యూటీ పుస్తకంలో ఆ రోజు వచ్చిన పిలుపుల లెక్క కింద ఒకటే మాట రాయాలని రూలు. ఆ మాట శాంతి. కింద సంతకం పెట్టి, పుస్తకం మూసి, వెనకాల వచ్చే మనిషికి అప్పగించాలి. పేజీలు తిరగేస్తే మొదటి నుంచి చివరిదాకా ప్రతి లెక్క కిందా శాంతి, శాంతి, శాంతి. మందు సీసా మీద చీటీలాగా ఒకటే మాట. ఇవాళ్టి నుంచి నేను ఆ మాట రాయను. ఏం జరిగితే అది రాస్తాను. పుస్తకం చింపేస్తే చింపెయ్యనీ.

నా పేరు అప్పలనరసమ్మ. దీపాల గదిలో పగటి డ్యూటీ నాది. గుట్టను లోపల తొలిచి కట్టుకున్న ఎనిమిది అంతస్తులే మా ఊరు. అడుగున సున్నా, కొసన ఏడు. బయటి గాలి పీలిస్తే మనిషి బతకడు. లోపలి గాలి పైన పాచి తొట్లలో తయారై గొట్టాల్లోంచి కిందికి వస్తుంది. ఏ అంతస్తుకి గాలి చాలకపోయినా వాళ్ళు తమ తాడు లాగుతారు. ఎనిమిది తాళ్ళూ నా గదిలోని బీరువాలోకే వస్తాయి. చదువుకున్నవాళ్ళు దాన్ని ఎన్‌కోడర్ అంటారు. మేం అడిగే బీరువా అంటాం.

సూర్యుడు ఒక్కసారి విసిరిన మంటకి చిప్పులన్నీ మాడిపోయాక, మా పెద్దలు రాగి చుట్టలతో రిలేలు, అంటే కరెంటుతో కదిలే మీటలు, కట్టి నడుపుతున్న యంత్రం ఇది. రాగి కరువు కాబట్టి ఎనిమిది తాళ్ళ సంగతిని మూడు తీగల్లోకి కుదించారు. మూడు తీగలకీ నా గోడ మీద మూడు దీపాలు. మూడూ వెలిగితే ఏడో అంతస్తు పిలుస్తోందని. మొదటిదొక్కటే వెలిగితే ఒకటో అంతస్తు. ఇద్దరు ఒకేసారి లాగితే పై అంతస్తు మాటే చెల్లుతుంది. ఆ మూడు తీగలూ మెట్ల పక్కనుంచి పైదాకా ఎక్కి వాల్వుల గదికి పోతాయి. అక్కడ ఇచ్చే బీరువా ఉంది, అదే డీకోడర్. దాంట్లోంచి ఒక్కో అంతస్తు వాల్వుకీ ఒక్కో తీగ పోతుంది. పావుగంటకోసారి గడియారం దాన్ని తడుతుంది. ఆ తట్టు పడ్డప్పుడు తీగల్లో ఏ అంకె ఉంటే ఆ అంతస్తు వాల్వు తెరుచుకుంటుంది.

మరి సున్నా అంతస్తు పిలిస్తే ఏ దీపం వెలగాలి? ఏదీ వెలగదు. సున్నా అంటే మూడూ ఆరి ఉండడమే. ఎవరూ పిలవకపోయినా మూడూ ఆరే ఉంటాయి. ఈ సంగతి తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఊళ్ళో అందరికీ తెలుసు. యంత్రం కట్టినవాళ్ళకీ తెలుసు కాబట్టే నాలుగో తీగ పెట్టారు. ఏ తాడు లాగినా దాని దీపం వెలిగేది. మూడూ ఆరి నాలుగోది వెలిగితే సున్నా పిలిచిందని అర్థం. నాలుగూ ఆరితే అందరూ బాగున్నారని అర్థం.

ఆ నాలుగో తీగను మా అమ్మ రోజుల్లో పీకేశారు. ఏడో అంతస్తులో సభ హాలుకి దీపాలు పెట్టడానికి రాగి కావాల్సొచ్చింది. పీకాక ఏమైందంటే, ఎవరూ పిలవనప్పుడల్లా ఇచ్చే బీరువా సున్నా వాల్వు తెరిచేది. అడగకుండా గాలి పోతోంది, దుబారా అని పైవాళ్ళు ఒంటికాలి మీద లేచారు. దాంతో సున్నా వాల్వును బీరువా నుంచి విడదీసి, దానికి అడ్డంగా ఇనప మేకు కొట్టారు. ఇచ్చే బీరువాలో ఖాళీగా మిగిలిన సున్నా తీగ కొసకి గంట కట్టారు. శాంతి గంట అని పేరు పెట్టారు. మూడు దీపాలూ ఆరి ఉన్నంతసేపూ పావుగంటకోసారి ఆ గంట మోగుతుంది. గొట్టాల్లోంచి ఊరంతా వినిపిస్తుంది.

ఇవాళ దుమ్ము తుడవడానికి బీరువా తలుపు తీశాను. సున్నా తాడుకి ఉన్న ఇనప చెయ్యి కిందికి దిగి ఉంది. అంటే కింద ఎవరో తాడు పట్టుకుని లాగుతున్నారు, వదలడం లేదు. నేను చూస్తూ ఉండగానే గంట మోగింది. ఎవరూ అడగలేదు, అందరూ బాగున్నారు అని.

సున్నా అంతస్తు నా పుట్టిల్లు. మా అప్ప, అంటే మా అక్క, అక్కడే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.


నమోదు 2

డ్యూటీ దిగి కిందికి వెళ్ళాను.

సున్నా అంతస్తువాళ్ళ పని రాగి చుట్టలు చుట్టడం. ఈ ఊరిని నడిపే రిలేల్లో ప్రతి చుట్టా వాళ్ళ వేళ్ళ మీదుగా వచ్చిందే. ఏ యంత్రానికి వాళ్ళ గొంతు వినపడదో ఆ యంత్రాన్ని వాళ్ళ చేతే చేయిస్తున్నారు. మా అమ్మ ఈ మాట అని నవ్వేది. నాకు నవ్వు రాదు.

చెడ్డ గాలికి బరువెక్కువ. అన్ని అంతస్తులవాళ్ళూ వదిలిన ఊపిరి మెల్లగా మెట్లు దిగి ఇక్కడే మడుగు కడుతుంది. అందుకని ఇక్కడ ఏ ఇంట్లోనూ ఉయ్యాల కిందికి వేలాడదు. కప్పుకి ఆనించి కడతారు. తల్లి పాలివ్వాలంటే బల్ల ఎక్కాలి. నేల మీద ఒక ప్రమిద వెలిగించి పెడతారు. అది ఆరిపోతే పిల్లల్ని బల్లలెక్కిస్తారు, ముసలివాళ్ళని మంచాల మీద కూర్చోబెడతారు. తర్వాత ప్రమిదను పీట మీద పెట్టి చూస్తారు. పీట మీదా ఆరిపోతే తాడు దగ్గరికి పరిగెడతారు.

నేను వెళ్ళేసరికి ప్రమిద పీట మీద ఉంది. ఆరిపోయి ఉంది.

మా అప్ప పైడితల్లి తాడు పట్టుకుని నించుంది. నన్ను చూసి కూడా వదల్లేదు.

"ఒలే నరసా, పొద్దుట్నుంచి లాగుతన్నాం. లాగినప్పుడల్లా గంట కొడతన్నారు. మమ్మల్ని ఎక్కిరిస్తన్నారేటి?"

"గంట ఎవుడూ కొట్టడప్పా. దానంతటదే కొట్టుకుంటాది."

"నువ్వు అక్కడే కదా కూకుంటావు. మా సెయ్యి దిగినట్టు నీకు అగుపడదా?"

"అగుపడతాది. పైకి సెప్పడానికి తీగ నేదు."

"మరి నోరు నేదా?" అంది మా అప్ప.

ఆమె కూతురు నూకాలు బల్ల మీద నించుని ఉంది. మొన్ననే నీళ్ళాడింది. కప్పుకి ఆనిన ఉయ్యాల్లో పాప. నేనూ బల్లెక్కి చూశాను. పాప పెదాలు నేరేడు పండు తిన్నట్టు ఉన్నాయి. పాలు తాగడానికి ఓపిక లేదు. రెండు గుటకలు వేస్తుంది, రొప్పుతుంది, నిద్రపోతుంది.

"దీనికి పేరు పెట్టీదాకా ఉంటాదా పిన్నీ?" అంది నూకాలు. నా మొహం చూసి అడగలేదు, ఉయ్యాల చూసి అడిగింది.

రోజూ పొద్దున డ్యూటీ మారేటప్పుడు, పైన వాల్వుల మనిషి మేకు తీసి కాసేపు చేత్తో సున్నాకి గాలి వదులుతాడు. దాన్ని చేతిగాలి అంటారు. పెద్దవాళ్ళకి అది బొటాబొటిగా సరిపోతుంది. పురిటి పిల్లకి చాలదు. నాకు తెలిసి ఈ ఏడాది సున్నాలో పుట్టిన ఏ బిడ్డకీ చాల్లేదు. నూకాలు ఉయ్యాల ఒక్కటే ఇప్పుడు నిండుగా ఉన్నది.


నమోదు 3

వాల్వుల గదికి వెళ్ళాను. అక్కడి మనిషి గవర్రాజు. నా చిన్నప్పటి నుంచీ ఆయనే. మీసం నెరిసింది, రూలు నెరవలేదు.

"బాబాయ్, సున్నా వాల్వు తియ్యి. కింద పాపకి ఊపిరాడడం లేదు."

"అంకె రాలేదమ్మాయ్."

"అంకె వచ్చింది. సున్నా. నీ ఎదురుగానే ఉంది."

"మూడు తీగలూ చల్లగా ఉన్నాయి. అలా ఉంటే గంట కొట్టుకుంటుంది. నేనేం చెయ్యను? తీగ చెప్పంది చేస్తే నా ఉద్యోగం పోతుంది."

"తీగ చెప్పకపోతే నేను చెబుతున్నానుగా."

"నువ్వు తీగవి కాదు" అన్నాడు.

ఆ మాటకి నాకు చెయ్యి లేచినంత పనైంది. పెద్దాయన కాబట్టి ఆగాను. అప్పుడే సున్నా గొట్టంలోంచి టక్కు టక్కుమని చప్పుడు వచ్చింది. కింద ఎవరో గరిటతోనో సుత్తితోనో గొట్టాన్ని కొడుతున్నారు.

"అది వినపడ్డం లేదా?" అన్నాను.

"రోజూ వింటాను. నిద్రలో కూడా వింటాను" అన్నాడాయన, నా వైపు చూడకుండా. "ఒకసారి తెరిచాను, అమ్మాయ్. మా అబ్బాయిని పాచి తొట్ల పనిలోంచి తీసేశారు. వాడు ఇప్పటికీ నాతో మాట్లాడడు. ఇంక నాకు చెప్పకు."

పాపం అనిపించాలి కాబోలు. అనిపించలేదు. చెవులున్న మనిషి చెవిటివాడిలా బతకడం చూస్తే నాకు జాలి రాదు, కోపమే వస్తుంది. మెట్లు దిగుతూ ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. నా వెనకాల గంట మోగింది.


నమోదు 4

సభాపతి విశ్వంభరరావు గారిని కలిశాను. కూర్చోమన్నారు. మంచినీళ్ళు ఇప్పించారు. ఆ మర్యాద చూస్తేనే నా పని కాదని తెలిసిపోయింది.

చెప్పాల్సిందంతా చెప్పాను. నూకాలు పాప గురించి చెప్పాను. ఆయన నెమ్మదిగా తలాడిస్తూ విన్నారు. విన్నాక డ్యూటీ పుస్తకాల బొత్తి మీద చెయ్యి వేశారు.

"చూడండి నరసమ్మ గారూ, సున్నా అంతస్తు నుంచి ఈ పదిహేనేళ్ళలో ఒక్క పిలుపైనా నమోదైందా? ఏడు నుంచి వచ్చాయి. నాలుగు నుంచి వచ్చాయి. సున్నా నుంచి ఒక్కటీ లేదు. వాళ్ళకి అలవాటైపోయింది. కొందరికి తక్కువ గాలే సరిపడుతుంది."

"సున్నా నుంచి పిలుపు నమోదయ్యే వీలే లేదండి. దీపం లేదు."

"అదే నేనూ అంటున్నాను. నమోదు లేదు."

అలా ఆయనా నేనూ ఒకే మాట చాలాసేపు అనుకున్నాం. నేను ఏడుపులా అన్నాను, ఆయన రుజువులా అన్నారు.

"నాలుగో తీగ తిరిగి పెట్టించండి. ఇంకేం వద్దు" అన్నాను.

"రాగి ఎక్కడిదమ్మా?"

నేను తలెత్తాను. ఆయన తల మీద, సభ హాలు కప్పు పొడుగునా, ఈ చివరి నుంచి ఆ చివరికి గుత్తులు గుత్తులుగా దీపాలు. వాటిని కలుపుతూ పోతున్న తీగ నాకు తెలుసు. మా అమ్మమ్మ చుట్టిన తీగ అది. ఆయన కూడా నాతోపాటు తలెత్తి చూశారు. చూసి, "బాగుంటాయి కదా" అన్నారు.

ఇలాంటి మనిషికి ఏం చెప్పాలి? ఆయన అబద్ధమాడి ఉంటే పోట్లాడేదాన్ని. నిజంగానే దీపాలు బాగున్నాయని అనుకుంటున్నాడు.

గుమ్మం దాకా వచ్చి సాగనంపారు. "ఈసారి గంట ఎప్పుడూ లేనంత మోగుతోంది, గమనించారా? శాంతి పండగ చేద్దామనుకుంటున్నాం. మన గవర్రాజుకి శాలువా కప్పి సన్మానం. మీరూ తప్పకుండా రావాలి."

గంట ఎందుకు ఎక్కువ మోగుతోందో నాకు తెలుసు. పొదుపు పేరు చెప్పి, ఒకటి నుంచి ఆరు దాకా అనవసరంగా తాడు లాగితే జరిమానా అని సభే చాటింపు వేసింది. జనం భయపడి లాగడం మానేశారు. నోళ్ళు కుట్టేసి, ఎంత నిశ్శబ్దంగా ఉందో చూడండని పండగ చేసుకుంటున్నారు.


నమోదు 5

చాటింపు కాగితం వచ్చింది. పండగ రేపు. ఏడో అంతస్తులో విందు. ఊళ్ళో పెద్దలందరూ అక్కడే భోంచేస్తారు కాబట్టి గాలి ఎక్కువ కావాలి. కాబట్టి రేపు సున్నాకి చేతిగాలి లేదు.

రెండు సార్లు చదివాను. పుస్తకం గోడకేసి కొట్టాను. అట్ట ఊడింది. గంజితో అతికించి ఇది రాస్తున్నాను.

అప్పకి చెప్పడానికి వెళ్ళాను. చాటింపు అప్పటికే చేరింది. ఎవరూ ఏడవడం లేదు, ఎవరూ తిట్టడం లేదు. మగాళ్ళు బల్లల మీద బల్లలు ఎక్కించి తాళ్ళతో కడుతున్నారు. రేపు అందరూ కప్పు కిందే కూర్చుంటారట. ముసలివాళ్ళని ముందే పైకెక్కించేశారు. వాళ్ళ నేర్పు చూస్తే నాకు ఇంకా మండింది. ఇంత చక్కగా సర్దుకుపోవడం ఎవరు నేర్పారు వీళ్ళకి?

"అందరం మెట్లెక్కి పైకి పోదారి అప్పా. ఎవుడాపుతాడో సూద్దారి" అన్నాను.

"ఒకటో అంతస్తు కాడ తలుపేసీసినారు" అంది అప్ప. "నీ ఒక్కదానికే తీస్తారు. నీకు డూటీ ఉంది కదా."


నమోదు 6

ఇవాళే పండగ. పొద్దున డ్యూటీ ఎక్కాను. బీరువా తలుపు మూయకుండా దాని ఎదురుగానే కూర్చున్నాను. సున్నా చెయ్యి కిందికి దిగే ఉంది. గంట మోగింది. మళ్ళీ మోగింది. పైన ఎవరో చప్పట్లు కొట్టడం గొట్టంలోంచి వినిపించింది.

పొద్దెక్కాక సున్నా చెయ్యి మెల్లగా పైకి లేచింది. తాడు వదిలేశారు. దీపాల్లో మార్పేమీ లేదు. అంతకు ముందూ మూడూ ఆరే ఉన్నాయి, ఇప్పుడూ ఆరే ఉన్నాయి. గంటకీ తేడా తెలియలేదు. అంతకు ముందెలా మోగిందో అలాగే మోగింది.

కిందికి పోదామని నేను లేచేసరికి తలుపు తోసుకుని గవర్రాజు వచ్చాడు. ఆయన ఈ గదికి రావడం నేనెప్పుడూ చూడలేదు. సన్మానానికని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతిలో బెత్తెడు ఇనప మేకు.

"తట్టడం లేదమ్మాయ్" అన్నాడు.

నాకు వెంటనే తట్టలేదు.

"గొట్టం మీద కొట్టడం ఆపేశారు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆపలేదు. ఆపితే బాగుణ్ణని రోజూ అనుకునేవాణ్ణి." మేకు ఎత్తి చూపించాడు. "మేకు పీకేశాను. వాల్వు బార్లా తీసి వచ్చాను. వెళ్ళు. వెళ్ళి చూసి రా."

పరిగెత్తాను. ఒకటో అంతస్తు తలుపు దగ్గర కాపలావాడు డ్యూటీనా అన్నాడు. డ్యూటీయే అన్నాను.

సున్నాలో దీపం లేదు. ఏ ఎత్తున పెట్టినా ఆరిపోతోందని పెట్టడం మానేశారు. గొట్టం మూతి దగ్గర గాలి బుసకొడుతోంది. చీకట్లో బల్లల గోపురాల మీద జనం ఆ మూతి వైపు మొహాలు తిప్పుకుని కూర్చుని ఉన్నారు. ఊపిరి పీల్చుకోవడమే పనిగా పెట్టుకున్నారు. గరిట కింద పడి ఉంది. అది ఎత్తి గొట్టం మీద కొట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది.

నూకాలు అందరికన్నా ఎత్తున ఉంది. పాపను రెండు చేతులతో కప్పుకి ఆనించి పట్టుకుని ఉంది. దించు అన్నాను. దించలేకపోయింది, చేతులు బిగుసుకుపోయాయి. నేనూ అప్పా ఎక్కి ఒక్కొక్క వేలూ విడదీసి పాపను తీసుకున్నాం. గొట్టం మూతి దగ్గరికి పట్టుకెళ్ళి పెట్టాను. పాప కదల్లేదు. వీపు రుద్దాను, అరికాళ్ళు రుద్దాను. ఎవరిని తిడుతున్నానో తెలియకుండా తిడుతూనే ఉన్నాను. చాలాసేపటికి పాప తుమ్మింది. తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపు కూడా సన్నగా, ఎవరింట్లోనో ఏడుస్తున్నట్టు వినిపించింది. మా అప్ప నేల మీద కూలబడి, "ఏడువమ్మా, ఏడువు" అంది.

నేను మెట్లెక్కి వచ్చేసరికి గవర్రాజు నా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పాప బతికిందని చెప్పాను. మేకును అటూ ఇటూ తిప్పాడు.

"రేపొచ్చి మళ్ళీ కొడతారు దీన్ని" అన్నాడు.

"కొడతారు."

"మనిద్దర్నీ తీసేసి, మాట వినేవాళ్ళని పెడతారు."

"పెడతారు. అందుకని ఇవాళే వాళ్ళకి గంట వినిపించాలి" అన్నాను.

ఏం చెయ్యాలో చెప్పాను. తలుపు తీసి ఉన్న బీరువా ముందు కూర్చున్నవాళ్ళెవరికైనా తోచేదే అది. తాళ్ళు ఇనప చేతుల కొక్కేలకి తగిలించి ఉంటాయి. ఏడో తాడు తీసి సున్నా కొక్కేనికి, సున్నా తాడు తీసి ఏడో కొక్కేనికి తగిలించాలి. పైన ఇచ్చే బీరువాలో ఏడో తీగను ఏడో వాల్వు నుంచి విప్పి సున్నా వాల్వుకి కట్టాలి. అంతే. సున్నా పిలిస్తే మూడు దీపాలూ వెలుగుతాయి, గాలి సున్నాకే పోతుంది. ఏడు పిలిస్తే గంట మోగుతుంది.

"ఏడో అంతస్తులో ఎవరికైనా ఏమైనా అయితే?" అన్నాడు గవర్రాజు.

"వాళ్ళకి ఉక్కపోస్తుంది బాబాయ్. చెడ్డగాలి వాళ్ళ దగ్గర ఉండదు, కిందికి పోతుంది. వాళ్ళ మెట్లకి తాళమూ లేదు."

ఆయన లేచాడు. ఇస్త్రీ చొక్కా చేతులు మడిచాడు. గుమ్మం దగ్గర ఆగి, "శాలువా ఎరుపుదట" అని పైకి వెళ్ళిపోయాడు.

నేను రెండు తాళ్ళూ మార్చాను.


నమోదు 7

విందు మొదలైన కాసేపటికి, ఇప్పుడు ఏడో తాడు ఉన్న సున్నా కొక్కెం చెయ్యి కిందికి దిగింది. దీపాలు మూడూ ఆరే ఉన్నాయి. గడియారం తట్టింది. గంట మోగింది.

పైన చప్పట్లు.

చెయ్యి లేచింది, మళ్ళీ దిగింది. ఈసారి గట్టిగా. మధ్యలో సున్నా అంతస్తు కూడా లాగింది. మూడు దీపాలూ ఒక్కసారిగా భగ్గుమన్నాయి. ఆ గోడ మీద సున్నా అంతస్తు కోసం దీపం వెలగడం నా జన్మలో అదే మొదటిసారి. గాలి వాళ్ళకే పోయింది. వాళ్ళు తాడు వదిలాక దీపాలు ఆరాయి. గంట మోగింది. ఈసారి పైన చప్పట్లు లేవు.

కొక్కెం చెయ్యి పిచ్చెక్కినట్టు కొట్టుకోవడం మొదలెట్టింది. గంట తన పద్ధతిలో తాను తీరిగ్గా మోగింది. ఎవరూ అడగలేదు, అందరూ బాగున్నారు.

విశ్వంభరరావు గారు స్వయంగా మెట్లు దిగి వచ్చారు. పట్టు కండువాతో మెడ తుడుచుకుంటున్నారు. మొహం ఎర్రగా ఉబ్బి ఉంది. వెనకాలే గవర్రాజు వచ్చి గుమ్మానికి ఆనుకుని నించున్నాడు.

"ఏం జరుగుతోందిక్కడ? మేం తాడు లాగుతూనే ఉన్నాం. లాగినప్పుడల్లా గంట మోగుతోంది."

మా అప్ప అన్న మాటే. యాసే తేడా. నాకు నవ్వు రావాల్సింది, రాలేదు.

"దీపాలు చూడండి. మూడూ ఆరి ఉన్నాయి. ఏ పిలుపూ నమోదు కాలేదు" అన్నాను.

"నేను నీ ఎదురుగా నించుని చెబుతుంటే నమోదేమిటి?"

"మీరు తీగ కాదు" అన్నాడు గవర్రాజు.

ఆయన అటు తిరిగి చూశారు. గవర్రాజు చేతిలో మేకు కనిపించింది. తెరిచి ఉన్న బీరువాలో తాళ్ళు కనిపించాయి. తెలివైన మనిషి, అర్థమైపోయింది.

"వెంటనే మార్చండి. ఊపిరాడక చస్తున్నారు అక్కడ."

"లేదండి. మీకు ఉక్కపోస్తోంది" అన్నాను. "ఊపిరాడకపోవడం ఎలా ఉంటుందో తెలియాలంటే ఇంకా చాలా మెట్లు దిగాలి. పొద్దున మా అప్ప కూతురు బిడ్డను కప్పుకి ఆనించి పట్టుకుని నించుంది. మీకు చేతిగాలి కావాల్సొచ్చిందని."

"నిన్ను ఉద్యోగంలోంచి తీసేస్తాను."

"తీసెయ్యండి. తాళ్ళు మార్చడం వచ్చిన మనిషిని వెతికి తెచ్చుకోండి. అప్పటిదాకా గంట వింటూ కూర్చోండి. నాలుగో తీగ తెప్పిస్తే ఇప్పుడే మారుస్తాను."

"రాగి లేదని ఆ రోజే చెప్పాను కదా."

ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. గడియారం తట్టింది, గంట మోగింది. ఆ మోతకి ఆయన భుజాలు ఉలిక్కిపడ్డాయి. ఇన్నేళ్ళూ అందరికన్నా దగ్గరగా ఆ గంట విన్న మనిషి అది తనకి జవాబుగా మోగడం అప్పుడే విన్నాడు.

విస్తళ్ళు ఎత్తకముందే సభ హాలు దీపాలు ఆరిపోయాయి. వడ్డించేవాళ్ళే నిచ్చెనలెక్కి తీగ విప్పారు. దాన్ని మెట్ల పక్కన లాగుకుంటూ తెచ్చారు. ఎవరి చేతికో పులిహోర పసుపు ఉన్నట్టుంది, తీగ పొడుగునా మరకలు. రాగి లేదు లేదని ఇన్నేళ్ళు చెప్పారు. పెద్దమనుషులకి ఒక్క పూట చెమట పట్టేసరికి దొరికింది. ఖాళీ ఉయ్యాలల లెక్క ఎవరైనా అడుగుతారేమోనని చూశాను. ఎవరూ అడగలేదు.

గవర్రాజు పైన కట్టాడు, నేను కింద కట్టాను. తాళ్ళు వాటి కొక్కేలకి తిరిగి తగిలించాను. ఏడో తీగ ఏడో వాల్వుకి పోయింది. సున్నా తీగకున్న గంట విప్పేసి దానికి వాల్వు కట్టాం. గంట ఎవరికీ అక్కర్లేకపోయింది. మెట్ల మీద పడి ఉంది.


నమోదు 8

నా మీద విచారణ ఉందని కాగితం వచ్చింది. గవర్రాజు మీద కూడా. పుస్తకం ఈ సాయంత్రం అప్పగించమన్నారు. కాబట్టి ఇది నా చివరి డ్యూటీ.

నాలుగో దీపానికి పాత బల్బు దొరకలేదు. సామాన్ల గదిలోంచి ఒకటి తెచ్చి పెట్టాను. మిగతా మూడింటి కన్నా కాస్త పొట్టిగా ఉంది.

పొద్దున అది వెలిగింది. మూడూ ఆరి, నాలుగోది ఒక్కటే వెలిగింది. పైన గవర్రాజు ఉన్నాడు, వాల్వు తెరుచుకుని ఉంటుంది. అయినా నా కాళ్ళు ఆగలేదు. పాపకి ఏమైందోనని పరిగెత్తుకుంటూ కిందికి పోయాను.

తాడు దగ్గర నూకాలు నించుని ఉంది. పాప చంకలో ఉంది. ఉయ్యాల కప్పు నుంచి నడుము ఎత్తుకి దించి కట్టారు.

"ఏటైందే?" అన్నాను ఆయాసపడుతూ.

"ఏటీ నేదు పిన్నీ" అంది. "ఇనబడతాదో నేదో సూద్దామని లాగినాను."

ఆమె వెనకాల అంతస్తు అంతస్తే వరసలో నించుని ఉంది. ముసలివాళ్ళు, మగాళ్ళు, రాగి చుట్టల మసి చేతులకి అంటుకున్న ఆడవాళ్ళు. ఒక్కసారి లాగి చూడాలని అందరికీ. మా అప్ప వరస చివర ఉంది. నన్ను చూసి, డ్యూటీ మానేసి ఇక్కడేం చేస్తున్నావని కసిరింది.

తిరిగి వచ్చి కూర్చున్నాను. అనవసరపు పిలుపుకి జరిమానా అనే రూలు ఇంకా ఉంది. ప్రతి పిలుపుకీ ఎదురుగా అవసరమా, అనవసరమా అన్నది దీపాల మనిషే రాయాలి. సాయంత్రం దాకా దీపాల మనిషిని నేనే.

నాలుగో దీపం వెలుగుతోంది, ఆరుతోంది. మళ్ళీ వెలుగుతోంది. రాస్తూ ఏడుస్తున్నానని ఎవరూ అనుకోకూడదు, నాకు ఇంకా కోపంగానే ఉంది. వెలిగినప్పుడల్లా రాస్తున్నాను.

సున్నా అంతస్తు పిలిచింది. అవసరం.

సున్నా అంతస్తు పిలిచింది. అవసరం.

సున్నా అంతస్తు పిలిచింది. అవసరం.